గారెలు మోసిన పుస్తకాల సందుగ

కూర్చో బిడ్డా. అట్లా గడప మీద ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని కాదు, సరిగ్గా కూర్చో. ఆ ఫోను బోర్లా పెట్టి పెన్ను పట్టు. నేను చెప్పేదాన్ని బడి తెలుగులో రాసుకో, కానీ మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం మార్చకు. ఇంకో షరతు కూడా ఉంది. దిద్దే వంకతో నన్ను తెలివిగలదాన్ని చేయకు. ఒకే ఒక్క పుస్తకాన్ని కోడేరు నుంచి రాజోలికి పంపడానికి లెక్కల శాస్త్రాన్ని ఇంటికి పిలిపించుకుని, గద్వాల దాకా తగాదాలు పెట్టుకుని, ఆఖరికి హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దమనుషుల ముందు నేను ఎట్లా నిలబడ్డానో వింటే, నన్ను నాయినమ్మా అని పిలవడానికి నీకే మొహమాటం అవుతుంది.

ఇది రెండువేలు దాటి నాలుగైదేళ్లయిన నాటి మాట. మీ నాయనకు ఇంకా పెళ్లి కాలేదు. కోడేరు నుంచి రాజోలి దాకా ఈ ఊళ్లన్నీ అప్పుడు ఒకే జిల్లా. నాకు యాభై దగ్గర పడుతున్నాయి గానీ బుద్ధికి ఇరవై కూడా నిండలేదు. మన వనపర్తి ఇంటి ముందు గదిలో పుస్తకాల గది నడిపేదాన్ని. సర్కారు లైబ్రరీ కాదు, మా సొంతంది. పాత టీచర్లు, చదువు మీద ప్రేమ ఉన్న ఆడవాళ్లు కలిసి ఒక్కో ఊళ్లో ఒక్కో గది తెరిచాం. కోడేరులో, నాగర్‌కర్నూల్‌లో, వనపర్తిలో, గద్వాలలో, అయిజలో, రాజోలిలో. ఒక గదిలో ఉన్న పుస్తకం ఇంకో గదిలో ఉండదు, అదే మా బాధ. కోడేరులో పరీక్షల పుస్తకాలు దుమ్ము పట్టి ఉంటే, రాజోలిలో వాటికోసం పిల్లలు ఎదురు చూసేవాళ్లు.

అప్పుడు మా అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, హైదరాబాద్ నుంచి వచ్చిన శ్రీనివాస్ సారు అనే లెక్కల సారు గ్రాఫ్ సిద్ధాంతం చెప్పాడు. చిన్న వయసు, పెద్ద కళ్లద్దాలు, నెమ్మదైన మనిషి. బోర్డు మీద చుక్కలు పెట్టాడు. ఒక్కో పుస్తకాల గది ఒక చుక్క అన్నాడు. ఒక గది నుంచి ఇంకో గదికి పుస్తకం పోయే దారి ఉంటే, ఆ రెండు చుక్కల మధ్య ఒక గీత. రాకపోకలు ఎక్కువుంటే గీతను లావుగా గీయాలి, తక్కువుంటే సన్నగా. అట్లా బొమ్మ వేస్తే ఏ దారి దగ్గరో, ఏ చుక్క నట్టనడుమ ఉందో, ఏ చుక్కను తీసేస్తే బొమ్మ రెండు ముక్కలవుతుందో కంటికి కనిపిస్తుందట. పెద్ద పెద్ద దేశాల్లో లైబ్రరీలు ఇట్లాగే ఒకదానికొకటి పుస్తకాలు పంపుకుంటాయట. నేను ఆ రోజు ఇంటికి నడిచి రాలేదు, గాల్లో తేలుతూ వచ్చాను.

వస్తూనే గోడకున్న పాత క్యాలెండర్ చింపి, దాని వెనక మా గదులన్నిటికీ చుక్కలు పెట్టి, బస్సులు పోయే దారుల్లో గీతలు గీశాను. తీరా చూస్తే ఏముంది? అన్ని చుక్కలూ దారానికి గుచ్చిన పూసల్లాగా ఒకే వరసలో పడ్డాయి. కోడేరు, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, అయిజ, రాజోలి. కొమ్మల్లేవు, మలుపుల్లేవు. మీ తాత అప్పుడు బస్సు డిపోలో మెకానిక్. నూనె చేతులు తుడుచుకుంటూ వచ్చి నా భుజం మీదుగా చూశాడు.

"గిది గ్రాఫ్ కాదే, ఎర్రబస్సు రూటు" అన్నాడు.

ఆయనతో ఆ పూట మాట్లాడలేదు. సారుకు జాబు రాశాను. వరసగా ఉన్నా అది గ్రాఫేనమ్మా అని ఆయన జవాబు రాశాడు. కాకపోతే ఇట్లాంటి బొమ్మలో జాగ్రత్త ఎక్కువ కావాలి, నడుమ ఉన్న ఏ ఒక్క చుక్క పని మానేసినా ఈ కొస పుస్తకం ఆ కొసకు చేరదు, చుట్టు తిరిగి పోయే దారి ఇంకోటి లేదు అన్నాడు. ఇంకో సంగతి కూడా రాశాడు. బొమ్మకు నట్టనడుమ చుక్కలు రెండు వచ్చాయి, ఒకటి వనపర్తి, ఒకటి గద్వాల.

నాకు అక్కడ కొంచెం మంట పుట్టింది. నట్టనడుమ ఒక్కదాన్నే ఉండాలని నా ఆశ. గద్వాల గది నడిపేది సరోజమ్మ. మంచి మనిషే, నన్ను వదినా అని పిలుస్తుంది. కానీ ఆమె చీర కట్టూ, ఆమె నవ్వూ, ఆమె వంటా చూస్తే నాకెప్పుడూ పరీక్ష రాస్తున్నట్టే ఉండేది.

పుస్తకాలు పోవడానికి నా పెళ్లినాటి ఇనుప సందుగ తీశాను. ఆకుపచ్చ రంగు వేసి, మూత మీద పుస్తకాల సందుగ అని తెల్ల అక్షరాలతో రాయించాను. డ్రైవర్లు అందరూ మీ తాతకు తెలిసినవాళ్లే కాబట్టి ఇంజను పక్కన ఇంత చోటిచ్చేవాళ్లు. పుస్తకాలు పోవాలి, చదివినవి తిరిగి రావాలి, అంతే రూలు. మొదటిసారి సందుగ గద్వాల పోయింది. తిరిగి వచ్చింది. మూత తీశాను. చదివిన పుస్తకాలు ఒక పక్క, ఇంకో పక్క గాజు సీసా నిండా పల్లీల పొడి.

నువ్వు చెప్పు, పక్కింటి నుంచి గిన్నె తెచ్చుకుంటే ఖాళీగా తిరిగి ఇస్తావా? ఇవ్వవు. మనం ఎవరమూ ఇవ్వం. నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి ఇస్తాం. సరోజమ్మకు నా సందుగ గిన్నెలాగే కనిపించింది. అది ఆమె తప్పు కాదు. తప్పు నా దగ్గర మొదలైంది, ఎందుకంటే పల్లీల పొడి వచ్చిన సీసాను నేను మాత్రం ఖాళీగా ఎట్లా పంపుతాను? మామిడి తొక్కు నింపి పంపాను. దానికి ఆమె ఓళిగలు చేసి పంపింది. మనం బచ్చాలంటాం చూడు, అవే. నెయ్యి కారుతున్నాయి. దానికి నేను అరిసెలు. దానికి ఆమె కరిజికాయలు. సందుగ రెండు వైపులా తిరిగేకొద్దీ చిన్నగా అయిజ నుంచి చెరుకు ముక్కలు, రాజోలి నుంచి పల్లికాయ, నాగర్‌కర్నూల్ నుంచి సీతాఫలాలు కలిశాయి. పుస్తకాలు మూలకు జరిగాయి. తర్వాత మూల కూడా ఇరుకైంది. తెచ్చే డ్రైవర్లు సందుగ వాసన చూసి లోపల ఏముందో చెప్పే స్థితికి వచ్చారు.

ఇక నేను చేసిన ఘనకార్యం విను. సారు గీతను రాకపోకలను బట్టి లావు చేయమన్నాడు గదా? నేను సందుగ పోయి వచ్చిన ప్రతిసారీ గీతను ఇంకొంచెం దిద్దాను. పుస్తకాలు ఎన్ని పోయాయో చూడలేదు, సందుగ పోయిందా లేదా, అంతే చూశాను. వనపర్తి నుంచి గద్వాలకు ఉన్న గీత ముందు దారమంత ఉండేది, తర్వాత తాడంత అయింది, ఆఖరికి నాగుపాము పడుకున్నట్టు అయింది. ఆ బొమ్మను సారుకు పోస్టులో పంపితే ఆయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఇంత చిన్న ఊళ్ల మధ్య పుస్తకాలకు ఇంత గిరాకీ తాను ఎక్కడా చూడలేదని, ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని చూడటానికి వస్తానని రాశాడు. ఆ జాబు చదివి మీ తాతకు వినిపించాను. ఆయన అరిసె నములుతూ విన్నాడు.

సరిగ్గా అప్పుడే రాజోలి నుంచి కబురు వచ్చింది. అక్కడి గది చూసుకునే బుచ్చన్న, మన పక్కన ఉన్న ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేశాడు. సలోమి అని ఒక పిల్ల ఉంది, తల్లిదండ్రులు పనికోసం బొంబాయి వలస పోయారు, ముసలవ్వతో ఉంటూ కూలికి పోతూ టీచర్ల పరీక్షకు చదువుతుంది అని చెప్పాడు. పిల్లలకు పాఠం ఎట్లా చెప్పాలో చెప్పే లావు పుస్తకం ఒకటి కోడేరు గదిలో ఉంది, అది ఆమెకు కావాలి. పరీక్ష దగ్గరికొచ్చింది.

"జర తొందరగ పంపమ్మా. ఆ పిల్ల రోజూ పొద్దుగాల వచ్చి సందుగ వచ్చిందా అని అడుగుతుంది" అన్నాడు.

పంపుతానని మాట ఇచ్చాను. నా బొమ్మలో ఈ కొస నుంచి ఆ కొస దాకా పోవాల్సిన మొట్టమొదటి పుస్తకం అది. దీనికోసమే గదా ఈ శాస్త్రమంతా అనుకున్నాను. కోడేరు నుంచి నాగర్‌కర్నూల్ మీదుగా పుస్తకం ఠంచనుగా నా చేతికి వచ్చింది. ఇటుకంత ఉంది. మరునాడు పొద్దున బస్సుకు సందుగలో పెట్టాను.

పెట్టాను గానీ, ఆ రోజు నేను గారెలు కూడా చేశాను. సరోజమ్మ ముందు వారం పంపిన ఓళిగలకు జవాబు ఇవ్వాల్సి ఉంది, పైగా నా గారెలు గద్వాలలో ఎవరికీ రావని నా నమ్మకం. స్టీలు డబ్బా నిండా సర్ది సందుగలో దించితే మూత పడలేదు. డబ్బా అటు తిప్పాను, ఇటు తిప్పాను. పుస్తకం అడ్డం. బయట డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. అప్పుడు నా తల లోపల ఒక ఆలోచన వచ్చింది. పుస్తకం పాచిపోతుందా? పోదు. గారెలు పాచిపోతాయి. కాబట్టి గారెలు ఈ రోజు, పుస్తకం రేపు. ఇంత చక్కటి తర్కం ఆ లెక్కల సారుకు కూడా తోచి ఉండదు. పుస్తకాన్ని తీసి వంటింట్లో ఎక్కడో పెట్టాను, సందుగ ఎక్కించాను, గద్వాల గీతను ఇంకొంచెం లావు చేశాను, మరిచిపోయాను. పుస్తకం పోయిందనే అనుకున్నాను. సందుగ పోయింది గదా మరి.

కొన్ని రోజులకు బుచ్చన్న మళ్లీ ఫోన్ చేశాడు. పుస్తకం రాలేదు. నేను పంపానన్నాను. మళ్లీ చేశాడు. పంపానని గట్టిగా చెప్పాను. అప్పుడు నాకు సారు మాట గుర్తొచ్చింది, నడుమ చుక్క ఒకటి చెడితే చాలు. ఇక ఆ చెడ్డ చుక్క ఎవరా అని వెతకడం మొదలుపెట్టాను. అయిజ గది చూసుకునే మాస్టారును అనుమానించాను, ఆయనకు మతిమరుపు. కానీ ఎక్కువ అనుమానం ఎవరి మీదో నువ్వే చెప్పగలవు. గద్వాలకు ఫోన్ కలిపాను.

"వదినా, ఆ సందుగల గారెలు తప్ప ఏం లేవు" అంది సరోజమ్మ. "గారెలైతే బాగుండె."

"గారెలు తిని పుస్తకం యాడ దాచినవు?"

ఆమె టక్కున ఫోన్ పెట్టేసింది. ఇన్నేళ్లలో ఆమె నా మాట మధ్యలో ఫోన్ పెట్టడం అదొక్కటే.

ఇంతలో సారు వచ్చే రోజు వచ్చింది. ఇద్దరు పెద్దమనుషులతో దిగాడు. ముందు గదిలో కుర్చీలేశాం, గోడకు బొమ్మ తగిలించాను. వాళ్లు గద్వాల గీతను చూసి ఆశ్చర్యపోతుంటే నేను కొంగు సర్దుకున్నాను. కానీ పుస్తకం సంగతి దాచలేకపోయాను. ఒక పిల్ల పరీక్ష ఆగిపోయేటట్టుంది సారూ, గద్వాలలో పోయింది అని చెప్పాను.

సారు కోప్పడలేదు. ఎవరి మీదా నేరం వేయొద్దమ్మా, బొమ్మనే అడుగుదాం అన్నాడు. ప్రతి చుక్కనూ రెండు మాటలే అడగాలి, పుస్తకం లోపలికి వచ్చిందా, బయటికి పోయిందా. లోపలికి వచ్చి బయటికి పోనిది ఎక్కడుంటే పుస్తకం అక్కడుంటుంది. అందరం ఎస్టీడీ బూత్‌కు పోయాం. కోడేరు పంపిందన్నారు. నాగర్‌కర్నూల్ వచ్చింది, పోయింది అన్నారు. నన్ను అడిగితే వచ్చింది అన్నాను, పోయింది అన్నాను. గద్వాలకు సారే మాట్లాడాడు, మూత తీసినప్పుడు సందుగలో పుస్తకమే లేదని అక్కడ చెప్పారు. ఫోన్ పెట్టేసి ఇంటికి వచ్చి, పెన్సిల్ తీసుకుని, కొంచెం ఇబ్బందిగా, వనపర్తి చుక్క చుట్టూ సున్నా చుట్టాడు.

మీ తాత దగ్గాడు. నేను చాయ్ పెడతానని లేచి వంటింట్లోకి పారిపోయాను. పాలగిన్నె దగ్గరికి పోతే, దాని మీద పళ్లెం, పిల్లి మూతి పెట్టకుండా పళ్లెం మీద బరువు. ఆ బరువును రోజూ ఎత్తుతున్నాను, రోజూ దించుతున్నాను. ఆ రోజు మొదటిసారి దాని పేరు చదివాను.

బిడ్డా, ఆ క్షణంలో వంటింటికి వెనక తలుపు ఉంటే నేను ఇప్పటికీ ఏ శ్రీశైలంలోనో ఉండేదాన్ని. లేదు కాబట్టి పుస్తకం పట్టుకుని ముందు గదిలోకే వచ్చాను. అట్ట మీద పాల మరక గుండ్రంగా, పున్నమి చంద్రుడిలాగా.

సారు పుస్తకం వైపు చూశాడు, బొమ్మ వైపు చూశాడు. "అమ్మా, ఈ లావు గీత మీద ఇన్నాళ్లూ పోయినవి పుస్తకాలేనా?" అని మెల్లగా అడిగాడు.

"మొదట్ల పుస్తకాలే సారూ."

"తర్వాత?"

మీ తాతే అందుకున్నాడు. "అరిసెలు, సారు. తొక్కు. గారెలు. ఒకపారి గద్వాల నుంచి పచ్చిపులుసు వచ్చింది, అది బస్సుల కారింది."

పెద్దమనుషుల్లో ఒకాయన నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా కళ్ల ముందు రాజోలిలో పొద్దున్నే సందుగ కోసం వచ్చి నిలబడే పిల్ల ఉంది. ఆమె మొహం నాకు తెలియదు, అందుకే అది ఎక్కడికీ పోలేదు.

మరునాడు మొదటి బస్సెక్కాను. ఆ పుస్తకాన్ని ఏ సందుగకూ ఇవ్వలేదు, ఒళ్లో పెట్టుకున్నాను. గద్వాల బస్టాండులో బస్సు ఆగితే కిటికీలోంచి చూశాను, సరోజమ్మ నిలబడి ఉంది. సారు ఆమెకు కబురు చేశాడట. నేను తల వంచుకున్నాను. ఆమె బస్సెక్కి వచ్చి నా పక్కన నిలబడింది.

"జరుగు వదినా" అంది.

జరిగాను. కొంచెం దూరం పోయాక, నా మీద కోపం లేదా అని అడిగాను.

"ఎందుకు లేదు, ఉంది. రాజోలి ఇంక శానా దూరముంది గదా, మెల్లగ తిడుత" అంది. నా టికెట్టు గద్వాల దాకానే ఉంది, కండక్టర్‌ను ఆపి ఇద్దరికీ తానే టికెట్లు తీసుకుంది. తిట్టనే లేదు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

రాజోలిలో బుచ్చన్న మమ్మల్ని సలోమి ఇంటికి తీసుకుపోయాడు. రేకుల ఇల్లు, ముందు చిన్న పందిరి. పిల్ల కింద కూర్చుని పల్లికాయ ఒలుస్తుంది, కూలికి తెచ్చుకున్న మూట. సన్నగా, నల్లగా, కళ్లు మాత్రం ఇంత. నేను పుస్తకం చాపితే, ముందు చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత తీసుకుంది. అట్ట మీద మరకను వేలితో తడిమింది. నేను జరిగింది చెప్పబోతుంటే తనే అంది.

"నాకు పంపరనుకున్న."

"ఎందుకట్ల అనుకున్నవు బిడ్డా?"

"గంత దూరం నుంచి, నాకోసం పనిగట్టుకోని ఎవరు పంపుతరని."

నా బొమ్మలో రాజోలిని అన్నిటికన్నా చిన్న చుక్క పెట్టాను. కాగితం అంచుకు వచ్చింది, చోటు సరిపోలేదు. నువ్వుగింజంత చుక్క. ఆ చుక్క లోపల ఒక పిల్ల కూర్చుని, తనకు ఎవరూ ఏమీ పంపరని నమ్మకం పెట్టుకుంటుందని నాకు తట్టలేదు. గారెల సంగతి, పాలగిన్నె సంగతి అంతా ఆమెకు చెప్పాను. ఒక్కటీ దాచలేదు. ముందు నోరు తెరిచి విన్నది, తర్వాత నవ్వు మొదలైంది. వాళ్లవ్వకు చెవుడు, ఆమెకు మళ్లీ గట్టిగా అరిచి చెప్పింది. ముసలామె కూడా నవ్వింది. నా బతుకులో నన్ను చూసి అంత హాయిగా నవ్విన ఇల్లు ఇంకోటి లేదు.

పరీక్ష మీద పడింది, ఆ కూలి మూట వదలడానికి లేదు. అందుకని పిల్ల ఒలుస్తుంటే సరోజమ్మా నేనూ వంతులేసుకుని పుస్తకం పైకి చదివాం. ఆ పూటంతా అదే పని. పిల్లలు పాఠంలో నిద్రపోకుండా టీచర్ ఏం చేయాలి అనే పాఠం నా వంతుకు వచ్చింది. చదువుతూ చదువుతూ నేనే కునుకు తీశాను.

"చూడు పిల్లా, గిట్ల చెప్పొద్దని రాసిండ్రు" అంది సరోజమ్మ నా చేతిలోంచి పుస్తకం తీసుకుంటూ.

సలోమి ఆ పరీక్షలోనే పాసైంది. ఉద్యోగం కాగితం పట్టుకుని మన ఇంటికే వచ్చింది. నేను ఆమె చేతులు పట్టుకుని, నా వల్ల చదువుకునే రోజులు పోగొట్టుకున్నావు బిడ్డా అంటే, "ఏం కాలేదమ్మా, ఆ పుస్తకంలకెళ్లి ఒక్క ప్రశ్న గూడ రాలేదు" అంది. అది నిజమో, నేను కుమిలిపోతానని అన్నదో, నాకు ఈ రోజు దాకా తెలియదు. మళ్లీ అడగలేదు. కొన్నిటిని అడగకుండా ఉంచుకుంటేనే మనకు బాగుంటుంది.

ఇక శ్రీనివాస్ సారు. ఆయన మా బొమ్మను వదల్లేదు. ఎక్కడ పాఠం చెప్పినా మా గదుల వరసనే బోర్డు మీద వేస్తాడట. ఆ మధ్య ఒక పిల్లగాడు ఆ పాఠం విని వచ్చి నాకు చెప్పాడు. అన్ని ఊళ్లకూ నిండు చుక్కలు పెడతాడట. వనపర్తికి మాత్రం గారె వేస్తాడట, నడుమ చిల్లుతో సహా. ఇందులోకి వచ్చిన పుస్తకం ఆ చిల్లులోంచి పడిపోతుంది, కాబట్టి గీత ఎంత లావుగా ఉన్నా నమ్మకండి, దాని మీద ఏం పోతుందో మూత తీసి చూడండి అని చెబుతాడట. నా పేరు చెప్పడు, అదొక్కటి నయం. ఎన్ని కాలేజీల్లో నేను గారెనై వేలాడుతున్నానో ఆ దేవుడికే తెలుసు.

సరే, ఇప్పుడు నిటారుగా కూర్చుని ఇది పెద్ద అక్షరాలతో రాయి. వనపర్తి పుస్తకాల గది నడిపిన నేను, ఉన్న తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా మనవరాలి ఎదుట ప్రమాణం చేసి చెప్పేదేమంటే, ఇక మీదట పుస్తకం పోయే సందుగలో గానీ, సంచిలో గానీ, సంకలో గానీ, ఎదుటివాళ్లు ఏం పంపినా, నాకు ఎంత నామోషీ అయినా, తినేది ఒక్క పల్లి గింజ కూడా

"అత్తమ్మా, కంచంల పెట్టిన. సల్లారుతుంది, రాండ్రి."

వస్తున్నానమ్మా. మీ అమ్మ పిలుస్తుంది. నువ్వు ఆ మాట అక్కడే ఆపు, చుక్క పెట్టకు, నేను తిని, చేయి కడుక్కుని వచ్చి